పటిక నీళ్ల బొమ్మ

మనుషులు మరచిపోలేని చోట్ల మీద నేనూ, నా స్నేహితురాలు సుధా కలిసి ఒక ప్రయోగాత్మక వీడియో తీస్తున్నాం. దానికోసమే హైదరాబాద్ నుంచి శ్రీకాళహస్తి వెళ్లి, కలంకారీ పని చేసే మునెమ్మను కలిశాం. నీకు బాగా గుర్తున్న చోటు ఒకటి గుడ్డ మీద వెయ్యమని అడిగాం.

కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి ఆరేసిన గుడ్డను పరిచిందామె. వెదురు కలాన్ని గిన్నెలో ముంచి గంటసేపు గీసింది. గీసిన గీత గీసినట్టే ఆరి మాయమైపోతోంది. కెమెరాలో ఉత్త గుడ్డ మీద చెయ్యి కదులుతోందంతే. వీడియో తీసేవాళ్లకు కనపడనిది లేనట్టే కదా, నాకు చిరాకేసింది.

"ఏమీ కనపడడం లేదు పెద్దమ్మా" అన్నాను.

"పటిక నీళ్లు గదమ్మా, ఇప్పుడే యాడ కనపడతాది? రేపు రంగిచ్చే చెట్టు చెక్క ఏసి ఉడకబెడితే ఎర్రంగా తేల్తాది. ఉండి సూసి పోండి."

మాకు సాయంత్రమే రైలు. సుధ మాత్రం ఆశ్చర్యపోయింది. "కనపడకుండా ఎట్లా గీస్తున్నావు?"

"యాడ ఏమేసినానో నాకు గుర్తుండాది గదా" అందామె, తలెత్తకుండానే.

వారం తర్వాత ఆమె మనవరాలు నా ఫోనుకి ఆ గుడ్డ ఫొటో పంపింది. మేం వెళ్లినప్పుడు ఇసుక తప్ప ఏమీ లేని స్వర్ణముఖి, ఆ గుడ్డలో గట్లు ఒరుసుకుని పారుతోంది. మోకాలి లోతు నీళ్లలో వరసగా ఆడవాళ్లు నిలబడి రంగు గుడ్డలు జాడిస్తున్నారు. వరస చివర ఇద్దరు ప్యాంట్లు పైకి మడుచుకుని నిలబడ్డారు. ఒకామె మెడలో కెమెరా ఉంది.