దానియేలు కాళ్లు కడిగిన గురువారం

భక్తి పెంచబోయి ఒక పిల్లవాణ్ణి పెళ్లిపీటల దాకా లాక్కెళ్లిన ఘనురాలిని నేనే. అప్పుడే నవ్వకండి, ముందు వినండి.

అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. ఏడో తరగతితో బడికి దండం పెట్టేసి, కేతేపల్లి దగ్గర మా ఊరి చర్చిలో ఎదిగిన పిల్లలకు ఆదివారం క్లాసు చెప్పేదాన్ని. ఆడా మగా ఒకే చాప మీద కూర్చుంటారని, సంఘపెద్ద యాకోబు పెదనాయినకు నా క్లాసు కంట్లో నలుసు. ఈస్టరు ముందు గురువారం ఆ పిల్లల చేత ఆరాధన జరిపించమని పాస్టరు అయ్యగారు నాకు అప్పగించారో లేదో, పెదనాయిన వేలు చూపించాడు.

"రత్నా, పోరగాండ్లు నెమ్మదిగ కూసోని జర ఆలోచన చేసేటట్టు జూడు. లొల్లి అయిందో, నీ క్లాసు బంద్!"

జొన్నలు చెరుగుతుంటే నాకు మెరుపులా తట్టింది. ప్రభువు శిష్యుల కాళ్లు కడిగిన రోజు కదా అది! మన పెద్దలు పిల్లల కాళ్లు కడిగితే? వాళ్లు బెల్లంలా కరిగిపోరూ? అందరికంటే పెద్దాయన వంగితే ఇంకా గొప్ప!

"నేనా? పోరగాండ్ల కాళ్లా?" అన్నాడు పెదనాయిన.

"ప్రభువే కడగలేదా?" అన్నాను. పాపం, ఒప్పుకున్నాడు.

ఎండాకాలం, బావిలో నీళ్లు అడుగంటాయి. అందుకని ఆయన భార్య సుందరమ్మ చెంబుతో కొంచెం కొంచెంగా పొయ్యాలన్నాను. చుక్క కింద పడకుండా ఇత్తడి పళ్లెం తెప్పించాను. అందరూ తెల్లబట్టల్లో రావాలన్నాను. చూశారా నా ముందుచూపు! దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. నాకు అయ్యగారు కూడా ఇచ్చారు, అడ్డుపడింది నా తెలివే.

గురువారం సాయంత్రం వచ్చింది. మొదటి వంతు పదిహేడేళ్ల దానియేలుది. తెల్ల పంచె కట్టుకుని, సిగ్గుతో మెడ వంచి కుర్చీలో కూర్చున్నాడు. సుందరమ్మ పోస్తోంది, పెదనాయిన కడుగుతున్నాడు. చర్చిలో చీమ చిటుక్కుమనడం లేదు. నా గుండె గారెలా పొంగింది.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి ఎల్లీశమ్మ అవ్వ గొంతు లేచింది.

"ఓ సుందరమ్మా! మీ శాంతకు సంబంధం కలుపుకున్నరా? మాకు జర చెప్పొద్దానే?"

నా తలలో దీపం అప్పుడు వెలిగింది. పెళ్లాం నీళ్లు పోస్తే మొగుడు పళ్లెంలో కుర్రాడి కాళ్లు కడగడం మా ఊళ్లో ఒక్కప్పుడే చూస్తాం, పిల్లనిచ్చేటప్పుడు! వాళ్ల ఒక్కగానొక్క కూతురు శాంతేమో తెల్లచీరలో ముందు వరసలోనే ఉంది.

దానియేలు తల్లి దిగ్గున లేచింది. "గిదేంది పెద్దయ్యా! నా కొడుకు ఇంక పది పాస్ గాలే. నన్ను అడగకుండ పెండ్లేంది?"

"నేనెక్కడ ఇస్తున్ననమ్మా! గీ రత్న కడుగుమంటే కడుగుతున్న!" అన్నాడు పెదనాయిన. వదిలితే ఏమనుకుంటారో, పట్టుకుంటే ఏమనుకుంటారో తెలియక, కాలు మాత్రం చేతిలోనే ఉంచుకున్నాడు.

శాంత ఏడుపందుకుంది. "నాకొద్దు గీ దానిగాడు!"

"నాకు మాత్రం నువ్వు కావాల్నా?" అన్నాడు పెళ్లికొడుకు.

లొల్లి! నా క్లాసు కళ్ల ముందే కొట్టుకుపోతోంది. కడిగేవాళ్లను మారిస్తే సరిపోతుంది కదా అనిపించింది. మా అమ్మానాయినల చేతులు పట్టి ముందుకు లాక్కొచ్చాను.

"నాయినా, నువ్వు కడుగు. అమ్మా, నువ్వు నీళ్లు పొయ్యి."

"ఎందుకే?"

"కడుగు నాయినా, మళ్ల చెప్త!"

కడిగారు. లొల్లి ఆగింది. హమ్మయ్య, గెలిచాననుకున్నాను.

"ఓహో! పిల్ల శాంత కాదు, రత్ననట!" అంది అవ్వ. "ఈడు జర ఎక్కువైతేంది, పనిమంతురాలు."

దానియేలు కాలు గుంజుకుని రెండు చేతులూ జోడించాడు. "అక్కా, నీ కాల్మొక్త! బైబిలు వాక్యాలన్నీ ఒప్పజెప్త, నన్ను ఇడిచిపెట్టు!" అంటూ తడికాళ్లతో గడప దూకి పరుగో పరుగు.

చర్చి గొల్లుమంది. అందరికంటే ముందు నవ్వింది యాకోబు పెదనాయినే. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, "క్లాసు నడుపుకో రత్నా. పోరగాండ్ల సంగతేమో గానీ, నేనైతే శానా ఆలోచన చేసిన. ఒక్కని కాలు పట్టుకుంటేనే నా పానం పోయింది. ప్రభువు పన్నెండుమందివి ఎట్ల కడిగిండో!" అన్నాడు.

ఆ సాయంత్రం ఆలోచనలో పడ్డది ఆయనొక్కడే. అయ్యలారా, అమ్మలారా, మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను: నా బొందిలో ప్రాణముండగా, పెళ్లికాని ఏ మగపిల్లవాడి కాళ్ల మీదా చుక్క నీళ్లు పోయించను. మురికి కాళ్లతోనే పరలోకానికి వెళితే వెళ్లనీ!