అక్కకు దొరకని తెల్లమందు

నేను జీవితంలో ఒక్కసారే ఒక దేవత ముందు సాగిలపడ్డాను. ఆ దేవత మా అక్క. ఆ సంగతి పట్టుకుని ఖమ్మంలో నన్ను ఎగతాళి చేసినవాళ్ళున్నారు, దేవుడు లేడని నేను చెప్పే సభల్లో లేచి నిలదీసినవాళ్ళున్నారు. ఇన్నాళ్ళూ జవాబు చెప్పలేదు. చెప్పాలంటే మా అక్క ఎలా పోయిందో చెప్పాలి కనుక.

అక్కను భద్రాచలం దాటి చర్ల రోడ్డులో అడవి అంచు ఊరికిచ్చారు. కోస్తా నుంచి వచ్చి, భూములు కొని మిరప వేసిన కుటుంబం. పెళ్ళయిన కొన్నాళ్ళకే అక్క పుల్లలా చిక్కిపోయింది. ఖమ్మం తీసుకొచ్చి చూపిస్తే షుగరన్నారు. మాత్రలతో కుదరదు, బతికినన్నాళ్ళూ ఇన్సులిన్ సూది వేసుకోవలసిందే అన్నారు. అవి ఎనభైల మొదటి రోజులు. డాక్టరు రాసిచ్చిన మందు కదపకుండా ఉంచితే సీసా అడుగున తెల్లగా పేరుకునేది. అరచేతుల మధ్య మెల్లగా దొర్లిస్తే పాలలా కలిసిపోయేది. పొద్దున ఒక్కసారి తొడకు వేసుకుంటే రోజంతా నిదానంగా పనిచేస్తుందని, ఆయనే నాకూ అక్కకూ కూర్చోబెట్టి చెప్పాడు. ఇంట్లో దాన్ని తెల్లమందు అనేవాళ్ళు. ఆ ఊళ్ళో ఫ్రిజ్ ఎక్కడిది? నీళ్ళ కుండల పక్కన, తడి ఇసుక నింపిన ముంతలో అక్క ఆ సీసాను దాచుకునేది.

"రోజుకొక లడ్డు చుడుత తమ్మీ," అని సీసా దొర్లిస్తూ నవ్వేది. "చుట్టేది నేను, తినేది నా తొడ."

అలా కొన్నేళ్ళు బాగానే బతికింది. రెండుసార్లు కడుపు పోయింది. అప్పటినుంచి వాళ్ళ అత్తగారు ఆమెను పేరుతో పిలవడం మానేసింది. గొడ్రాలు అనేది.

ఆ తరువాత తెల్లమందు రావడం ఆగిపోయింది. బావ భద్రాచలం వెళ్తే షాపాయన వేరే సీసా చేతిలో పెట్టాడు.

"తెల్లది వస్తలేదు పటేలా. ఇది తీస్కపో. ఇది గూడ ఇన్సులినే."

అబద్ధమేమీ కాదు, అదీ ఇన్సులినే. కానీ నీళ్ళలా తేటగా ఉంది. అత్తగారికి అదే ఎక్కువ నచ్చింది. "ఇదిగో, గంగనీళ్ళలాగా ఎంత శుభ్రంగా ఉందో! ఆ మడ్డిమందు ఇన్నాళ్ళూ ఎట్టా ఎక్కించారో ఏమో," అందట. తేటగా ఉన్నది మంచిదనీ, అడుగున పేరుకునేది పాడైనదనీ ఎవరైనా అనుకుంటారు. తేటమందు నడక వేరు. అది తొందరగా ఎక్కుతుంది, తొందరగా దిగిపోతుంది. వేసుకున్న కాసేపటికల్లా అన్నం తినాలి. సాయంత్రానికి దాని బలం ఉండదు, మళ్ళీ వేసుకోవాలి. ఎంత వేసుకోవాలో డాక్టరు కొత్తగా చెప్పాలి. ఇవేవీ బావకు ఎవరూ చెప్పలేదు. తెల్లమందు ఎంత వేసుకునేదో తేటమందూ అంతే వేసుకుంది, పొద్దున ఒక్కసారే.

మంగళవారం ఆ ఇంటి ఆడవాళ్ళు ఊరి అమ్మవారి గుడికి పోయి నీళ్ళు పోసి వచ్చేదాకా ముద్ద ముట్టరు. అలాంటి ఒక మంగళవారం గుడి ముందే అక్కకు చెమటలు పోశాయి. వణికింది. చూపు నిలబడిపోయింది. ఎన్నడూ ఎదురు చెప్పనిది, అత్తగారిని నోటికొచ్చినట్టు తిట్టి కూలబడింది. నెత్తురులో చక్కెర పడిపోయిన మనిషి అలాగే చేస్తుంది. కానీ మంగళవారం, గుడి ముందు జరిగితే జనం దాన్ని పూనకం అంటారు. పసుపునీళ్ళు పోసి, చేతిలో వేపమండ పెట్టారు. తిట్లు తిన్న అత్తగారే మొదట కాళ్ళమీద పడింది. కాసేపటికి అక్క తనంతట తానే తేరుకుంది. ఒక్కోసారి శరీరం తన నిల్వలోంచి చక్కెర తీసి తనను తాను కాపాడుకుంటుంది.

ఈ సంగతి నాకు ఖమ్మం బస్టాండులో, భద్రాచలం బస్సు కండక్టరు నోటినుంచి తెలిసింది.

"ఏంది సారూ, మీరేమో ఊరూరా మైకు వట్టి దేవుడు లేడంటిరి. మీ అక్కకేమో అమ్మవారొస్తుందట! ఇంట గెలిచి రచ్చ గెలువుర్రి!"

బస్సులో అందరూ నవ్వారు. నేను ఆ బస్సే ఎక్కాను.

ఊరు చేరేసరికి సోమవారం సాయంత్రం. అక్క సగమైపోయింది. ముంతలో సీసా తీసి చూస్తే తేటగా ఉంది. నాకు అర్థమైంది. బావను పక్కకు పిలిచాను.

"బావా, ఇది అమ్మవారు గాదు. మందు మారింది. చక్కెర పడిపోతున్నది."

"దొరికితే తేనా బామ్మర్దీ?" అన్నాడు బావ. ఆయన చెడ్డవాడు కాదు. "రేపు మూడూళ్ళవాళ్ళు వస్తన్నారు. తప్పిపోయిన ఎడ్లని అడిగేవాళ్ళు, పోడు మీద పడ్డ కేసుల్ని అడిగేవాళ్ళు. వాళ్ళకి నేనేం చెప్పను?"

అక్కకు విడిగా చెప్పాను, సూది వేసుకోగానే తినమని.

"మంగళవారం నేను ముందుగాల తింటే ఇంట్ల ఉండనిస్తరా?" అంది. నా మొహం చూడకుండా మళ్ళీ అంది: "నాకేం ఎరుకుండదు తమ్మీ. లేచేసరికి కాళ్ళకాడ కొబ్బరికాయలుంటయ్. ఆ ఒక్కపూట మా అత్త నన్ను 'అమ్మా' అంటది."

ఎన్ని వేదికల మీద ఎంతమందిని వాదించి ఓడించానో! ఆ రాత్రి వంటింట్లోంచి చక్కెర తీసి పొట్లం కట్టుకున్నాను.

మర్నాడు గుడి ముందు అక్క ఊగింది. జనం దండాలు పెడుతున్నారు. నేను చక్కెర పొట్లంతో దూసుకుపోయాను. ఇద్దరు నా రెక్కలు పట్టుకున్నారు.

"ముట్టుకోమాక!" అని అరిచింది అత్తగారు. "దేవుణ్ణి తిట్టే నోరు నీది. మైలపడుద్ది!"

"అత్తమ్మా, ప్రాణం పోతది! తీపి పెట్టాలె!"

"అమ్మ ఎట్ట వచ్చిందో అట్టే పోద్ది. నువ్వెవరు పంపించడానికి?"

అక్క పెదవులు తెల్లబడుతున్నాయి. ఆ ప్రాంతంలో ఒక ఆచారం ఉంది. పూనకం వచ్చిన మనిషి ముందు మొక్కిన మొక్కు అమ్మ దిగిపోకముందే, అక్కడికక్కడే తీర్చాలి. దాన్ని నేను ఎన్ని సభల్లో వెక్కిరించానో. ఆ క్షణంలో అదే గుర్తొచ్చింది. చేతులు విడిపించుకుని పసుపునీళ్ళ బురదలో సాగిలపడ్డాను.

"తప్పయింది తల్లీ! నీకు బెల్లప్పానకం మొక్కుకున్న. ఇప్పుడే తాగాలె!"

నన్ను పట్టుకున్నవాళ్ళే బెల్లానికి పరుగెత్తారు. పానకం గుక్క గుక్కగా పోశాను. ఇంకా మింగగలుగుతోంది. కాసేపటికి కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టింది.

"తమ్మీ, ఎప్పుడొచ్చినవ్? తిన్నవా?"

ముందురోజు రాత్రి నాకు అన్నం పెట్టింది తనే.

వెనక ఒక ముసలాయన గట్టిగా అన్నాడు: "చూసిన్రా! దేవుడు లేడన్నోడు దండం వెట్టిండు!" వాళ్ళ దృష్టిలో దానికన్నా పెద్ద రుజువు ఉండదు.

ఖమ్మంలో షాపులన్నీ తిరిగాను, తెల్లమందు లేదు. విజయవాడ వెళ్ళి సంపాదించి, ఐసు వేసిన ఫ్లాస్కులో పెట్టుకుని తీసుకెళ్ళాను. ఆ సీసాలున్నంతకాలం పూనకం రాలేదు. రాకపోయేసరికి ఊరు తల్లడిల్లింది. తమ్ముడి మందు అమ్మను కట్టేసిందన్నారు. అమ్మ పానకం ఇష్టంగా తాగింది కదా, పానకమే పోస్తే మళ్ళీ వస్తుందన్నారు. మంగళవారం మంగళవారం చెంబులతో వచ్చి అక్కచేత తాగించడం మొదలుపెట్టారు. చక్కెర పడిపోయినప్పుడు ప్రాణం నిలిపే పానకం, పడిపోనప్పుడు ఆ మనిషికి విషం. ఈ ముక్క బావకు చెప్పాను, అక్కకు చెప్పాను, ఊరి పెద్దలకు చెప్పాను. "మొదలువెట్టింది నువ్వే గద సారూ," అన్నారు.

వానలు పడ్డాయి. వాగులు పొంగి బస్సులు ఆగాయి. తెల్లమందు అయిపోయింది. ఇంట్లో మిగిలింది తేటమందు, అదీ కొంచెమే. దాచుకుని దాచుకుని వేశారు. చివరికి, అమ్మ ఒంట్లో ఉన్నాక సూదులెందుకని అత్తగారు ఆపించింది.

కబురంది, వాగులు కాస్త తగ్గాక నేను వెళ్ళేసరికి అక్కను ట్రాక్టరు తొట్టిలో పడుకోబెడుతున్నారు. ఊపిరి ఎగదన్నుతోంది. ఆ ఊపిరిలో బాగా ముగ్గిన పండ్ల వాసన. అది షుగరు ముదిరిన వాసన. చుట్టూ ఉన్నవాళ్ళు అమ్మ వాసనని కళ్ళకద్దుకుంటున్నారు. తల నా ఒళ్ళో పెట్టుకున్నాను.

"దూపైతంది తమ్మీ," అంది, ఎండిన పెదాలు తడుపుకుంటూ. "గింత పానకం వోసిరి, దూప వోతలేదు."

భద్రాచలం దవాఖానాలో ఎక్కించింది తేటమందే. అప్పుడు కావలసింది అదే. ఆ మందుకు ఏ పాపమూ లేదు. దేని పని దానిది, ఏది ఎప్పుడో చెప్పేవాడు కావాలి, రెండూ దొరకాలి. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. తెల్లవారకముందే అక్క పోయింది.

పదకొండో రోజుకు గుడి పక్కన గద్దె కట్టారు. పసుపు పూసి, కొత్త చీర కప్పారు. అత్తగారు గద్దెను పట్టుకుని "నా తల్లీ, నా తల్లీ" అని గుండెలు బాదుకుని ఏడ్చింది. అది నటన కాదు. నటనైతే నాలుగు మాటలని నా కసి తీర్చుకునేవాణ్ణి.

ఊరి పెద్దాయన పానకం చెంబు తెచ్చి నా చేతికివ్వబోయాడు.

"ముందుగాల నువ్వే వొయ్యాలె సారూ. నీ చేతి పానకమే అమ్మ ఇష్టంగ తాగింది."

వాళ్ళకు చెప్పవలసినవి చాలా ఉన్నాయి. మందుల సంగతి, అడవి ఊళ్ళకు అందని సీసాల సంగతి, ఒక కోడల్ని మనిషిగా చూడలేక దేవతను చేసిన సంగతి. నోరు తెరిస్తే వచ్చింది ఒక్కటే.

"పానకం వొయ్యకుండ్రి," అన్నాను. "మా అక్కకు షుగరున్నది."

ఎవరూ నవ్వలేదు. బావ ముందుకొచ్చి ఆ చెంబు అందుకున్నాడు. గద్దె మీద పోయలేదు. దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.