బావగారి మిషనుకు వైపరు మోటారు

మొన్న జంగారెడ్డిగూడెం నుంచి ఏలూరు వస్తుంటే దారిలో వాన పట్టుకుంది. బస్సులో ముందు సీటు దొరికింది కాబట్టి అద్దం మీద ఊగుతున్న వైపరును చూస్తూ కూర్చున్నాను. వాన వెలిశాక డ్రైవరు స్విచ్ ఆపేశాడు. వైపరు మాత్రం ఉన్నచోట ఆగలేదు. మెల్లగా కిందికి దిగి, తన చోటు చూసుకుని పడుకుంది. నాకు నవ్వాగలేదు. పక్కనున్న పెద్దాయన "ఏవండీ, ఏవైనా గుర్తొచ్చిందా?" అన్నారు. గుర్తొచ్చింది మా బావగారు. దెందులూరు దాటేశాం, ఇక ఆ కథ ఏలూరు వచ్చేలోపు అవదు. "ఏం లేదండీ" అనేశాను.

బావగారంటే మా అక్కయ్య భర్త. ఏలూరులో వాళ్ళింటి పెరట్లో ఒక రేకుల షెడ్డు, అందులో ఓ పాత మిల్లింగ్ మిషను ఉండేవి. ఆ మిషనులో ఇనుమును కోసే కట్టరు ఉన్నచోటే తిరుగుతుంది. ఇనప ముక్కను బిగించిన బల్లే దాని కిందికి జరగాలి. బల్ల జరగాలంటే పక్కనున్న చక్రాన్ని చేత్తో, ఒకే తీరుగా తిప్పుతూ ఉండాలి. చెయ్యి తడబడితే ముక్కలో తెగే గాడి గతుకులు పడుతుంది. కొల్లేరు చేపల చెరువుల మీద పంపు షాఫ్టు అరిగిందంటే రైతులు దాన్ని గోనెసంచిలో చుట్టుకుని నేరుగా ఆ షెడ్డుకే వచ్చేవారు. ఆయన తీసిన గాడిలో వేలు పెడితే అద్దం మీద పెట్టినట్టుండేది. షెడ్డులో వేడెక్కిన ఇనుము వాసన, పక్కనే వంటింట్లోంచి కొర్రమేను పులుసు వాసన. ఆ రెండూ కలిసిన వాసన నాకు మళ్ళీ ఎక్కడా తగల్లేదు.

రెండువేల మూడో, నాలుగో సంవత్సరంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది, నడక వచ్చింది, కుడి చేతికి పట్టు మాత్రం రాలేదు. ఎడం చేత్తో చక్రం తిప్పి చూశారు. గాడి నిండా మెట్లు పడ్డాయి. మిషను అమ్మేద్దామనుకున్నారు. తాడేపల్లిగూడెం నుంచి ఒకాయన వచ్చి చూసి, నచ్చిందని చెప్పి వెళ్ళాడు. "ఇనుమే కదయ్యా, ఎవరి దగ్గరుంటే ఏం?" అనేవారు బావగారు. అంటూనే రోజూ పొద్దున్నే ఎడం చేత్తో దాన్ని నూనెగుడ్డ పెట్టి తుడిచేవారు. అక్కయ్య అది చూసి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

నేను పదో తరగతితో ఆగిపోయినవాణ్ని. తరవాతి చదువంతా గ్రంథాలయంలోనే. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గు లేదు, కాస్త గర్వమే. అక్కడ అట్ట ఊడిన ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికితే, పక్కన డిక్షనరీ పెట్టుకుని వారం పైగా కుస్తీ పట్టాను. పెద్ద మిషన్లకు బల్లను మోటారే నడుపుతుందట. దాన్ని పవర్ ఫీడ్ అంటారట. సైకిలు మీద దూసుకొచ్చి చెప్పాను.

"పుస్తకంలో బల్ల నడుస్తుందయ్యా, నా షెడ్డులో నడవాలిగా" అన్నారు బావగారు. అన్నారే గాని, మర్నాడు నాకంటే ముందే చొక్కా తొడుక్కుని కూర్చున్నారు.

తాడేపల్లిగూడెంలో పాత లారీ సామాన్ల కొట్టులో వెతికి, నిదానంగా, బలంగా తిరిగే వైపరు మోటారు ఒకటి పట్టాం. కొట్టతను వైర్ల గుత్తి, స్విచ్ సహా ఇచ్చాడు. ఎలాగూ వెళ్ళాం కదా అని బల్ల మీదికి వంగే దీపం ఒకటీ, ఇనప రజను మర కిందికి పోకుండా పరచడానికి లారీ ట్యూబు ముక్కా తెచ్చాం. ఆయన చెప్పడం, నేను మోటారును బల్ల చక్రానికి బిగించడం. "అది స్పానరయ్యా, పెన్ను కాదు. అలా పట్టుకుంటే నట్టు నవ్వుతుంది" అనేవారు.

వాళ్ళింట్లో కొత్త వస్తువు ఏది వాడబోయినా ముందు ప్రార్థన జరగాలి. పాస్టరుగారు వచ్చి, మోటారు మీద చెయ్యుంచి ప్రార్థన చేశారు. ఒక కొల్లేరు రైతు తెచ్చిన కొత్త షాఫ్టే బిగించి స్విచ్ వేశాను. బల్ల కదిలింది. గాడి నున్నగా తెగుతోంది. బావగారి ముఖం వెలిగిపోయింది. గాడి ఆగాల్సిన గీత దగ్గరికి రాగానే "ఆపవయ్యా!" అన్నారు.

"ఆపేశానండీ!"

"ఆపవయ్యా బాబూ!"

ఆపేసే ఉంది. బల్ల మాత్రం ఇంకాస్త నడిచి, గాడిని బేరింగు కూర్చునే చోటిదాకా తీసుకుపోయి, అప్పుడు ఆగింది. షాఫ్టు పాడైపోయింది. పాస్టరుగారే మెల్లగా "ఆమెన్ కాస్త ముందు అనేశామేమోనండీ" అన్నారు. బావగారు నవ్వలేదు. "తాడేపల్లిగూడెం ఆయన్ని వచ్చి మిషను తీసుకెళ్ళమని కబురు చెయ్యవయ్యా" అని కుర్చీలో కూలబడ్డారు.

అక్కయ్య దెందులూరు వైపు ఒక పల్లెలో టీచరు. రోజూ బస్సులోనే వెళ్ళొచ్చేది. కాఫీలు తెచ్చి, జరిగింది విని, నావైపు తిరిగింది. "ఒరేయ్, ఇన్ని పుస్తకాలు చదివావు, వానలో ఒక్కసారైనా బస్సెక్కావా? వైపరు అద్దం మధ్యలో ఆగిపోవడం ఎప్పుడైనా చూశావా? స్విచ్ ఆపాక కూడా అది ఇంటికెళ్ళి పడుకుంటుందిరా."

బావగారు కాఫీ పక్కన పెట్టి లేచారు. నిజమే, మోటారును దాని చోటికి చేర్చి ఆపే వైరు ఒకటి విడిగా ఉంది. మేం చూసుకోకుండా, లారీలో ఉన్నట్టే దాన్నీ కలిపేశాం. ఆ వైరు తీసేసి, వేరే స్విచ్ పెట్టి, ఈసారి ముందు పనికిరాని ముక్క మీద చూశాం. ఆపితే ఆగింది, అక్కడే. తరవాత రైతు కోసం కొత్త రాడ్ తెప్పించి బిగించాం. స్విచ్ ఆయనే వేశారు, ఎడం చేత్తో. గాడిలో వేలు పెట్టి చూసుకుని, "గూడెం ఆయనకి కబురు పంపావేంటయ్యా?" అన్నారు. "ఎక్కడండీ, తీరికే దొరకలేదు" అన్నాను. అప్పుడు నవ్వారు.

ఆ తరవాత ఆయన చాలా ఏళ్ళు, దాదాపు చివరిదాకా, పని చేశారు. అందుకు దేవుడికీ, అక్కయ్యకూ, గ్రంథాలయానికీ, ఏ రోడ్ల మీద తిరిగిందో తెలియని ఆ లారీకీ దణ్ణం పెట్టుకుంటాను. దాంతోపాటు నేను అడగని మేలు కూడా ఒకటి జరిగింది. చక్రం చేత్తో తిప్పినన్నాళ్ళూ ఆయన్ని పలకరించడానికి లేదు, కన్ను బల్ల మీదా, ధ్యాస చేతి మీదా ఉండేవి. ఇప్పుడు బల్ల దానంతటది పాకుతుంటే కుర్చీ వేసుకుని కూర్చుని మాట్లాడేవారు. కొల్లేట్లో వాళ్ళ నాన్నగారు దోనె నడిపిన రోజులూ, మా అక్కయ్యను చూడ్డానికొచ్చి సైకిలు పోగొట్టుకున్న సంగతీ, అన్నీ ఒక్కో గాడి పూర్తయ్యేలోపు విన్నవే. రోజులు ఇట్టే గడిచిపోయాయని అందరూ అంటారు. నాకు మాత్రం ఆ షెడ్డులో కాలం అంగుళం అంగుళంగా నడిచింది, అలా నడవబట్టే బావగారు నాకు ఇంతగా మిగిలారు.