మా బావ లాంచీల కంపెనీ

ఔటర్ రింగ్ రోడ్డు వచ్చి బొంగులూరు భూములకు రెక్కలొచ్చినప్పుడు మా బావ ఉన్న పొలమంతా అమ్మేసి వ్యాపారస్తుడయ్యాడు. అక్క మొగుడు కాబట్టి అప్పట్లో నోరు విప్పలేదు గానీ, అంత పనికిమాలిన వ్యాపారి మా వైపు మరొకడు పుట్టలేదు. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు మీద మనుషుల్నీ సరుకుల్నీ దాటించే కంపెనీ పెట్టాడు. కృష్ణ ఒడ్డున మూలకు పడ్డ పాత లాంచీని లారీ మీద తెప్పించి, రంగు పూయించి, తనను తాను ఛైర్మన్ అని పిలుచుకున్నాడు. నాకు టికెట్లు చింపే పని ఇచ్చాడు.

మొదట్లో జనం సరదాకి ఎక్కారు. కూరగాయల గంపలు, పాల క్యాన్లు, మేకలు కూడా దాటేవి. నిజానికి ఆయనకు వీళ్లెవరూ అక్కర్లేదు. చెరువు పక్కన తాను వేసిన ప్లాట్లకు నగరం నుంచి గిరాకీలు వస్తే, నీళ్ల మీద లాంచీ తిరుగుతూ కనబడాలి. అంతే.

ఎండాకాలంలో నీళ్లు వెనక్కి పోయాయి. ఆపేద్దామని నేనూ డ్రైవరూ చెప్పినా వినలేదు.

ఒక పొద్దున అవతలి ఒడ్డున ఒక నిండు గర్భిణిని ఆమె అత్త ఎక్కించింది. నొప్పులు మొదలయ్యాయి, ఆటో దొరకలేదు, ఇబ్రహీంపట్నం ఆసుపత్రికి పోవాలి. సగం దూరం వచ్చాక లాంచీ బురదలో కూరుకుపోయింది. ఒడ్డున ఉన్న బావకు ఫోన్ చేశాను.

“ఎవ్వర్ని దిగనియ్యకు,” అన్నాడు. “ప్లాట్లు చూసేటోళ్లు నా పక్కనే ఉన్నరు. మంది బురదల నడుసుకుంట వస్తే నా ఇజ్జత్ ఏంగావాలె?”

“ఆమెకు నొప్పులొస్తున్నయ్ బావా.”

“జర ఆగమను.”

కడుపులో బిడ్డను ఆగమనే మనిషితో ఇంకేం మాట్లాడతాను? ఫోన్ పెట్టేసి దిగాను. నీళ్లు మోకాళ్ల దాకానే ఉన్నాయి. పాలు తెచ్చిన ఇద్దరు కూడా దిగారు. కూర్చునే బల్ల ఊడదీసి, ఆమెను దాని మీద కూర్చోబెట్టి మోశాం. అత్త చీర ఎగగట్టి, కోడలి చెయ్యి వదలకుండా పక్కనే నడిచింది. మేం ఒడ్డు చేరేసరికి బావ కారు అద్దాలు ఎక్కించుకుని గిరాకీలతో వెళ్లిపోయాడు. ఆటోలో ఆసుపత్రికి చేర్చాం. సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది.

ఆ తర్వాత లాంచీ ఎవరూ ఎక్కలేదు. అది బురదలోనే తుప్పు పట్టి, చివరికి పాత ఇనుముకు పోయింది. నేను మళ్లీ కంపెనీ గడప తొక్కలేదు.

కొన్నేళ్లకు మన్నెగూడలో చుట్టాల పెళ్లికి వెళ్లాను. బావ బంతిలో కూర్చుని, నొప్పులు పడుతున్న ఆడమనిషిని తానే నీళ్లలో దిగి మోసుకొచ్చానని పక్కవాళ్లకు చెబుతున్నాడు. వాళ్లు మెచ్చుకుంటున్నారు. కూర వడ్డిస్తున్న అక్క అక్కడే ఆగింది.

“నీళ్లల్ల దిగింది నా తమ్ముడు,” అంది నెమ్మదిగా. “నువ్వు కారుల కూసున్నవ్. ఆ పొద్దు నేను నీ పక్కనే ఉన్న.”

బావ తలెత్తకుండా పెరుగు వేయమన్నాడు. ఎవరో వేశారు.