ప్రభువు చెయ్యి వణికిన ఆదివారం

ప్రియమైన సహోదరీ సహోదరులారా, సాక్ష్యం మొదలుపెట్టక ముందే ఒక బలహీనత ఒప్పుకుంటాను: నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పడం రాదు. జానెడు చేప నా నోట పడితే పడవంత అవుతుంది, నాలుగు చినుకులు రాలితే నేను తుఫాను అంటాను, మా సంఘంలో నలభై మంది కూర్చుంటే నాలుగు వందల మందికి వందనాలు చెబుతాను. ఈ పత్రికకి రాయమన్నప్పుడు మా పాస్టరు అయ్యగారు కూడా "బాబూ, కాస్త తగ్గించి రాయి" అని చేతులు జోడించారు. తగ్గించాను, అయినా కొంత మిగిలే ఉంటుంది. పెంచి చెప్పినవి మీకే తెలిసిపోతాయి. పూర్తిగా కల్పించింది మాత్రం ఒక్కటే ఉంది, అదేమిటో ఆఖర్న చెబుతాను, అందాకా నన్ను నమ్మండి, లేదా నమ్మినట్టు కూర్చోండి.

నేను పలాసలో గోడల మీద అక్షరాలు రాసే ఆర్టిస్టుని. కాశీబుగ్గ నుంచి పూండి దాకా జీడిపప్పు ఫ్యాక్టరీల గోడలన్నీ నా చేతి రాతే, అన్నీ అంటే ఆరు. నా గీత ఎంత సూటిగా ఉండేదంటే రైల్వేవాళ్ళు పట్టాలు వేసేముందు వచ్చి ఒకసారి చూసి వెళ్ళేవారు! తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి, గోడలు పోయాయి, నేను తాగుడులో పడ్డాను. ఫ్లెక్సీల వల్లే తాగానని చాలాకాలం అందరికీ చెప్పాను గానీ, నిజానికి అంతకు ముందు నుంచే తాగేవాణ్ణి, అవి వచ్చాక నాకు కారణం దొరికింది, అంతే.

పొద్దున్న లేచేసరికి చెయ్యి వణికేది. టీ గ్లాసు చేతికిస్తే మజ్జిగ చిలికినట్టు నురగ లేచేది! ఒక గుక్క సారా పడితే గానీ ఆ వణుకు ఆగేది కాదు. టెక్కలిలో డాక్టరుగారు నా చెయ్యి చాపించి, దాని మీద ఒక కాగితం పెట్టి, అది రెపరెపలాడుతుంటే కాసేపు చూసి, "తాగుడు మానకపోతే ఈ చెయ్యి నీకు పనికిరాదు. కాలేయం అంతకంటే ముందే పోతుంది" అన్నారు. నా భార్య రత్నం పక్కనే ఉంది. ఇంటికొచ్చి నా బ్రష్షులన్నీ కడిగి, ఆరబెట్టి, చనిపోయినవాళ్ళ బట్టలు సర్దినట్టు గుడ్డలో చుట్టి అటక మీద పెట్టింది.

అప్పుడు మా అయ్యగారే అన్నారు, గోడలు పోతే పోయాయి, కంప్యూటర్ మీద బొమ్మలు వెయ్యడం నేర్చుకో, పిల్లల బైబిలు తరగతికైనా పనికొస్తుంది అని. అలా నలభై తొమ్మిదో ఏట టెక్కలిలో ఒక శిక్షణ కేంద్రంలో చేరాను. ఆ గదిలో నా వయసున్నది గోడ గడియారం ఒక్కటే. నేర్పించే భారతి మేడమ్ కంచిలి ఆవిడ, నాకంటే పదిహేనేళ్ళు చిన్నది, ఓపికలో నాకంటే మూడు వందల ఏళ్ళు పెద్దది. కంప్యూటరుకి తగిలించిన నల్లటి పలక ఒకటి, దాని మీద గీసే పెన్ను ఒకటి నా చేతికిచ్చి, ఒక జీడిపండు బొమ్మ వెయ్యమంది. గోడకి సున్నం తోమినట్టు తోమాను. రంగు ఆరడానికి పలక మీద ఊదాను. పని అయ్యాక, అలవాటు కొద్దీ, పెన్ను మొన కిరసనాయిల్లో ముంచి గుడ్డతో తుడిచాను.

"అయ్యబాబోయ్! మాస్టారూ, అది బ్రష్షు కాదండీ బాబూ! కిరసనాయిల్లో ముంచీసినారేటి!"

"మరి రంగు ఎలా పోతుందమ్మా?"

"అంటుకుంటే గదా పోడానికి!"

మెల్లగా నేర్చుకున్నాను. ఒకదాని మీద ఒకటి అద్దాలు పేర్చినట్టు బొమ్మని పొరలుపొరలుగా వెయ్యడం, కింది పొరలో అసలు రంగు, పై పొరలో నీడ, ఆ పైన వెలుగు, పెన్ను నొక్కినకొద్దీ గీత లావెక్కడం, తప్పు గీస్తే వెనక్కి తీసుకునే మీట నొక్కడం. ఆ మీటని నేను నొక్కిన నొక్కుడికి మూడో రోజుకి దాని మీద అక్షరం అరిగిపోయింది! చెయ్యి మాత్రం వణుకుతూనే ఉంది. అది చూసి భారతి మేడమ్ నాకు స్టెబిలైజర్ అనేదాన్ని చూపించింది. అదేమిటంటే, మనం ఎంత వంకరగా గీసినా గీతని సాపు చేసి చూపించే సదుపాయం. నేను దాన్ని వందకి పెట్టి గీశాను. సహోదరులారా, ఉద్దానం కొబ్బరితోటలన్నీ వెతికినా అంత సూటిగా నిలబడ్డ చెట్టు మీకు దొరకదు! కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. ఆ వెంటనే సంతోషంతో పాటు ఇంకో ఆలోచన కూడా వచ్చింది: గీత బాగుపడింది కదా, ఇంక తాగుడు మానవలసిన పనేముంది?

ఆ ఏడు కోత పండుగ వచ్చింది. అందరూ తమ పంటలో మొదటిది తెచ్చి గుడిలో ప్రభువు బల్ల ముందు పెట్టే రోజు అది, కొబ్బరికాయలు, జీడిగింజలు, దూడంత పనసపళ్ళు. నేను పలక తీసుకెళ్ళాను. బల్ల వెనక కట్టిన తెల్లగుడ్డ మీద ప్రొజెక్టరుతో నా గీత కనబడేలా పెట్టించి, "తాగుడు నుంచి దేవుడు నన్ను విడిపించాడు, ఇదిగో నా చేతి గీత చూడండి!" అని అందరి ముందూ ఒక గీత గీశాను. హల్లెలూయ అని గుడి దద్దరిల్లింది. అందరూ తెర చూశారు, ఎవరూ నా చెయ్యి చూడలేదు. రత్నం తల దించుకుని చాప మీది చారలు చూస్తోంది. ముందురోజు నేను తాగిన గ్లాసు కడిగింది ఆవిడే మరి.

ఆ రోజు అక్కడ యోహాను ఉన్నాడు. వజ్రపుకొత్తూరు వైపు తీరంలో వల లాగే మనిషి, వరసకి బావ, తాగుడులో నాకు గురువు కావలసినవాడు. ఆరాధన అయ్యాక పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. అది గజగజ వణుకుతుంటే పరిశుద్ధాత్మ ఆవేశం అనుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఎలాగ మానీసినావు బావా? నాకూ సెప్పు!"

నోటికొచ్చింది చెప్పాను. పొద్దున్నే మోకాళ్ళ మీద ప్రార్థన చెయ్యి, గంజి తాగు, సారా దుకాణం ఉన్న వీధిలోకి వెళ్ళకు అన్నాను. అతను వెళ్ళి అలాగే చేశాడు. సహోదరులారా, నా అబద్ధం నమ్మి ఆ మనిషి మానేశాడు! మూడు నెలలు, వారం వారం కృతజ్ఞతగా చేపలు తెచ్చి ఇచ్చేవాడు. నేను ఆ చేపల కూర నంజుకుని తాగేవాణ్ణి.

వేసవిలో పిల్లల తరగతికి కదిలే బొమ్మ కావాలన్నారు అయ్యగారు. భారతి మేడమ్ అదీ నేర్పింది. కదిలే బొమ్మ అంటే ఒక సెకనుకి పన్నెండు బొమ్మలు, ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా మార్చి గీయాలి, వేసిన బొమ్మ కింద నీడలా కనబడుతూ ఉంటుంది, దాన్ని చూసుకుంటూ తర్వాతది వెయ్యాలి. కథ నేనే కల్పించాను: మన తీరంలో ఒక జాలరి పడవ మీంచి పడి మునిగిపోతుంటాడు, పైనుంచి ప్రభువు చెయ్యి వచ్చి లేపుతుంది. మునిగే జాలరికి యోహానునే నమూనాగా పెట్టుకున్నాను. మా పెరట్లో నీళ్ళ గోలెంలో మెడదాకా దిగి, చేతులు పైకెత్తి, అరగంటకొకసారి అడిగేవాడు:

"ఇంకా ఎంతసేపు మునగాల బావా? నానిపోయి అప్పడంనాగ అయిపోనాను!"

"రక్షణ ఊరికే రాదు, ఉండు."

ఎనిమిది సెకన్ల బొమ్మ, తొంభై ఆరు బొమ్మలు గీయాలి. నేను బయట తొమ్మిది వేలని చెప్పుకున్నాను. ప్రభువు చెయ్యిని ఒక్కసారి ఒక పొర మీద గీసి, మిగతావాటిలో దాన్నే నకలు చేసి జరుపుకోమంది మేడమ్. "ప్రభువు చేతికి నకలా!" అని నేను కస్సుమన్నాను, ప్రతి బొమ్మలోనూ కొత్తగా గీస్తానన్నాను.

"మీ ఇట్టం మాస్టారూ. గీతని సాపు సెయ్యడం దాని పని. గీత ఎక్కడ మొదలెట్టాలో మీ సెయ్యే గదా సెప్పాలి" అంది.

ఆవిడ మన సంఘం మనిషి కాదు, ఆవిడకేం తెలుసులే అనుకున్నాను. పని ముగిశాక రోజూ ఒక గ్లాసు వేసుకుని బొమ్మని ఆడించి చూసుకునేవాణ్ణి. అంతా కొండలా నిలకడగానే కనబడింది! తాగిన కన్ను తాగుబోతు చేతిలో తప్పు పడుతుందా?

ఆదివారం మాత్రం ఆరాధన ముగిసేదాకా సారా ముట్టేవాణ్ణి కాదు. నా పరిశుద్ధత అంతవరకే. ఆ ఆదివారం తెల్లగుడ్డ మీద బొమ్మ ఆడించారు. సముద్రం కదిలింది, పడవ ఊగింది, యోహాను పడ్డాడు, పిల్లలు కేకలు పెట్టారు. పైనుంచి ప్రభువు చెయ్యి దిగింది. ఒక్కో బొమ్మలో గీత నున్నగానే ఉంది. కానీ ఒక బొమ్మలో బొటనవేలు ఉన్న చోట తర్వాతి బొమ్మలో లేదు, పలక మీద వెంట్రుకవాసి ఉన్న తేడా ఆ గుడ్డ మీద జానెడైంది, ప్రభువు చెయ్యి గాలిలో గజగజ వణికిపోతోంది, కింద మునిగేవాడు దాన్ని పట్టుకోవాలా వద్దా అన్నట్టు చూస్తున్నాడు!

ముందు చాప మీద సంతోషమ్మగారు కూర్చున్నారు. మా సంఘంలో అందరికంటే పెద్దావిడ, నా లెక్కలో నూట ఇరవై ఏళ్ళు ఉంటాయి. గట్టిగా అడిగారు:

"ఓలమ్మా! ప్రెబువు సెయ్యి అలాగ ఒణికిపోతందేటి? ఆయనకేటి బయం?"

ఫ్యాన్లు ఆగిపోయాయి. నేను లేచి నిలబడ్డాను. "అది ప్రభువు చెయ్యి కాదు, నాది. నేను తాగుడు మానలేదు. పండగ నాడు మీకు చూపించిన గీత అబద్ధం" అన్నాను. ఎవరూ ఆమెన్ అనలేదు. వెనక నుంచి యోహాను లేచాడు.

"మరి నాను మానీసినాను గదా బావా? నీ మాట ఇనే గదా మానీసినాను! ఇప్పుడు నానేటి సెయ్యాల?"

అతను చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. నేను కూలబడి, నా తాగుడు సంగతి మర్చిపోయి, ఒకే ఒక్క ప్రార్థన చేశాను: "ప్రభువా, నీ చెయ్యి గీయడం నాకు చేతకాలేదు. ఆ మనిషి చెయ్యి మాత్రం వదలకు."

మర్నాడు పొద్దున్న తలుపు తీస్తే గుమ్మంలో యోహాను. నేను పలకరించకుండా ముందు అతని నోటి వాసన చూశాను.

"ఏటి బావా, పోలీసు కుక్కనాగ వాసన సూత్తన్నావు? నాను ముట్టనేదు. నువ్వు అబద్దం ఆడితే ఆడినావు, నాను సేసిన ప్రార్దన అబద్దం కాదు గదా. సొక్కా తొడుక్కో, టెక్కలి ఎల్దాం."

వెనక నుంచి రత్నం చొక్కా అందించింది. అక్కడే నా నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది, ఇరవై ఏళ్ళలో నేను విన్న ఆవిడ ప్రార్థనల్లో అన్నిటికంటే చిన్నది: "ప్రెబువా, ఈయన సెప్పింది నమ్మడం నా వల్ల కాదు. నువ్వు సేత్తే నమ్ముతాను. ఆమెన్."

డాక్టరుగారు, ఒక్కసారిగా ఆపితే ప్రమాదమని, ఆసుపత్రిలో ఉంచుకుని మందులిచ్చారు. మొదటి రోజుల్లో మంచం కూడా నాతో వణికింది! తర్వాత యోహాను పొద్దున్నే వచ్చి నన్ను మోకాళ్ళ మీద కూర్చోబెట్టేవాడు, గంజి తాగించేవాడు, సారా దుకాణం వీధి తప్పించి చుట్టూ తిప్పి తీసుకెళ్ళేవాడు. నేను అబద్ధంగా చెప్పిన దారిలోనే చెయ్యి పట్టుకుని నడిపించాడు. దేవునికే మహిమ! ఏడాది దాటింది, చుక్క ముట్టలేదు. వణుకు దాదాపు పోయింది, చలి ఉదయాల్లో కొంచెం ఉంటుంది. ఆ బొమ్మలో చెయ్యిని మళ్ళీ గీశాను, స్టెబిలైజర్ సున్నాకి పెట్టి, ఒక్కసారే గీసి, మేడమ్ చెప్పినట్టే నకలు చేసి జరిపాను. ప్రభువు ఏమీ అనుకోలేదు. బొటనవేలి దగ్గర గీత చిన్న వంకర పోయింది, వదిలేశాను. దాన్ని తెర మీద వేసిన రోజు రత్నం తల ఎత్తి చూసింది.

ప్రియులారా, మీలో ఎవరి చెయ్యి వణుకుతోందో నాకు తెలియదు, మీ ఇంట్లోవాళ్ళకి తెలుసు. సాపు చేసి చూపించే ఉపాయాలు చాలా ఉన్నాయి, అవన్నీ నేను వాడి చూశాను. ఆ చెయ్యిని ఉన్నది ఉన్నట్టుగా ఒకసారి ప్రభువు ముందు చాపండి, ఆయన నవ్వడు. డాక్టరు దగ్గరికీ వెళ్ళండి. తోడు కావాలంటే యోహాను దగ్గరికి వెళ్ళండి, నా దగ్గరికి వస్తే రెండు గంటలు మాట్లాడతాను.

ఇక నేను కల్పించింది. సంతోషమ్మగారు ఆ రోజు ఏమీ అడగలేదు, ప్రతి ఆదివారంలాగే కూర్చున్నచోటే నిద్రపోతున్నారు. మీ పేరు వాడుకోనా అంటే, "నానే అడిగేనని రాసీ నాయినా, నన్నేటి కొట్టీత్తారా" అన్నారు. అసలు ఎవరూ అడగలేదు. వణుకు నాకు తప్ప ఎవరికీ కనబడలేదు, అందరూ చప్పట్లు కొట్టారు, అయ్యగారు నన్ను దీవించడానికి ముందుకు రమ్మన్నారు. ఆ చప్పట్ల మధ్య లేచి, తాగుడు మానలేదన్న ఆ మాట చెప్పాను. అలా రాస్తే నన్ను ఎరిగినవాళ్ళు ఎవరూ నమ్మరని ముసలావిడ చేత అడిగించాను. అడక్కుండా నేను నిజం చెప్పడం నా జన్మలో అదే మొదటిసారి, అంత పని నాకు చేతనవునని ఇప్పటికీ నాకు నమ్మకం లేదు, కాబట్టి ఆ మహిమ ఎవరిదో వేరే చెప్పక్కరలేదు.