దేముడమ్మ అడిగిన తీరు

ఆ ఉదయం దేముడమ్మ డాక్టరమ్మతో అబద్ధమాడింది. ఆడి, పొయ్యి దగ్గరకు వెళ్లి కూర్చుంది గాని గంజి వార్చడం కూడా మరిచిపోయింది.

1968, ఊడ్పుల కాలం. ఆ పల్లె నెల్లిమర్లకు ఐదారు మైళ్లు. విశాఖపట్నంలో పెద్ద చదువు చదువుతున్న నీలవేణి అనే లేడీ డాక్టరు పరిశోధన కోసం వచ్చింది. కాన్పుల తర్వాత గర్భసంచి కిందికి జారిపోయే జబ్బు పల్లెల్లో ఎంతమందికి ఉందో, ఎందుకు వస్తోందో తేల్చాలి. ఒక కుర్ర డాక్టరును వెంటబెట్టుకుని ఇంటింటికీ వెళ్లి, కాగితంలో ఉన్నదున్నట్టు చదివింది: "మీకు గర్భాశయ స్థానభ్రంశం ఉందా?" పన్నెండు ఇళ్లలో పన్నెండు మందీ లేదన్నారు. పన్నెండో మనిషి దేముడమ్మ.

ఆమెకు ముప్పై రెండేళ్లు. ఆఖరి కాన్పయిన పదకొండో రోజున బిందె ఎత్తింది, ఇరవయ్యో రోజున మడిలో దిగింది. ఆ నెలలోనే కింద కోడిగుడ్డంత ఏదో చేతికి తగిలింది. ఏడేళ్లుగా పొద్దున్నే దాన్ని లోపలికి తోసుకుని, గోచీగుడ్డ బిగించుకుని పనికి పోతోంది. దగ్గితే చీర తడుస్తుంది. వంగితే నడుం లాగేస్తుంది. మొగుడు దాలయ్యతో కూడా ఈ సంగతి అనలేదు.

గంజి పొంగి మంట ఆరిపోయింది. దేముడమ్మ లేచి, చెంగు దోపుకుని, గట్ల వెంట గబగబా నడిచి డాక్టరమ్మను అందుకుంది.

"నాను అబద్ధమాడీసినాను. నాకున్నాది."

నీలవేణి నిలబడిపోయింది. "మరి లేదన్నావేం?"

"నువ్వడిగిన మాట మా ఊర్లో ఎవులికీ తెల్దు. మా ఇంటికాడ నీ ఎనకాల నిలబడి ఆ కుర్ర డాక్టరు ఇడమరిసి సెప్పాడు కాబట్టి నాకు తెలిసినాది. పైగా గుమ్మంలో మొగోళ్లు కూకుని ఉంటే ఆడది ఏటి సెప్తాది?"

"మిగతావాళ్లలో ఎవరికైనా ఉందా?"

"ఉన్నాది. పేర్లు మాత్రం సెప్పను. ఆళ్ల నోట ఆళ్లే సెప్పాల. నాను అడుగుతాను, నువ్వు రాసుకో."

మర్నాటి నుంచి ఇద్దరూ ఆకు, అంటే వరినారు, తీసే మళ్ల దగ్గరకే వెళ్లారు. మగవాళ్లు అరకలతో దూరంగా ఉండే వేళ. దేముడమ్మ తనూ వంగి ఆకు తీస్తూ, ముందు తన కథ చెప్పేది. ఆ తర్వాత అడిగేది: "కూకుని లేస్తే కింద ఏటైనా దిగినట్టుంటాదేటి? తోసుకుంటన్నావేటి?" అవునన్నా కాదన్నా ఇంకోమాట అడిగేది: "పురుడయ్యాక ఎన్నో రోజున బిందె ఎత్తినావు?" ఆ రెండో ప్రశ్న కాగితంలో లేదు. నీలవేణి రూళ్లకర్రతో కొత్త గడి గీసుకుంది.

మూడు వారాల్లో నాలుగు ఊళ్లు తిరిగారు. రెండు వందల పన్నెండు మందిని అడిగితే నలభై ఏడుగురు ఉందన్నారు.

విశాఖపట్నం వెళ్లిన నీలవేణి వారానికి మొహం వేలాడేసుకుని తిరిగొచ్చింది. "మా పెద్ద డాక్టరు ఈ లెక్క నమ్మడం లేదు. నీ జబ్బు ముందే చెప్పి, వాళ్ల చేత అవుననిపించావంటున్నారు."

దేముడమ్మకు రోషం వచ్చింది. అయినా ఒప్పుకుంది. "అడిగింది నాయమే. అందర్నీ పరీచ్చ సెయ్యి. లేదన్నోళ్లని కూడా సెయ్యి."

ఆదివారాలు బడి గది అడిగి పుచ్చుకున్నారు. కిటికీలకు దుప్పట్లు కట్టారు. అందరికన్నా ముందు బల్ల మీద పడుకున్నది దేముడమ్మే. బయటికొచ్చి, వరండాలో కూర్చున్నవాళ్లతో, "నొప్పేటీ నేదు, సిగ్గొకటే. అదీ లోపలికెల్లేదాకే" అంది.

ఇంటికొచ్చేసరికి అత్త జగ్గమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది.

"ఒసే, ఊరందరి ముందర మన పరువు ఆరబెట్టినావు. వచ్చే వారం ఎల్లినావంటే ఈ గడప తొక్కనివ్వను."

"ఎల్తానత్తా. తొక్కనివ్వకపోతే అరుగు మీద తొంగుంటాను." దేముడమ్మ అత్త కళ్లలోకి చూసింది. గోడకు చెయ్యి ఆనించి గాని అత్త కూర్చోలేకపోవడం ఎన్నో ఏళ్లుగా చూస్తోంది. "నిన్ను కూడా అడుగుతన్నాను. నీకున్నాదా?"

జగ్గమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కొంగు చాటు నుంచే, "నీ మొగుడు పుట్టినకాడ్నుంచీ" అంది.

దాలయ్యకు అప్పుడు ముప్పై ఎనిమిదేళ్లు.

పై ఆదివారం జగ్గమ్మ కోడలి భుజం పట్టుకుని బడికి నడిచి వచ్చింది. ఉందన్న నలభై ఏడుగురిలో నలభై నలుగురికి జబ్బు నిజంగానే ఉంది. లేదన్నవాళ్లలో పరీక్షకు వచ్చింది అరవై మంది. వాళ్లలోనూ ఐదుగురికి బయటపడింది. పురుడైన నెలలోపే బరువులు ఎత్తినవాళ్లకు మిగతావాళ్ల కంటే మూడింతలు ఎక్కువగా ఉందని లెక్క తేలింది. ఈసారి పెద్ద డాక్టరు కాగితాలు రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు.

ఆపరేషన్ చేస్తే జగ్గమ్మ గుండె తట్టుకోదన్నారు, సంచి జారకుండా లోపల రబ్బరు రింగు అమర్చారు. దేముడమ్మకు ఆపరేషన్ అయింది. మూడు నెలలు బరువు ఎత్తకూడదు. నీళ్లు దాలయ్య మోశాడు. నూతి దగ్గర ఎవరో నవ్వితే, "మోస్తే ఏటైపోతాది? నాకు జారిపోడానికేటీ నేదు" అన్నాడు.

ఆ తర్వాత ఏ ఇంట్లో పురుడైనా దేముడమ్మ మూడో రోజుకల్లా వెళ్లి, "నలభై రోజులు ఈ గుంట చేత బరువెత్తించొద్దు" అని ఇంటి పెద్దామెకు చెప్పి వచ్చేది. కొందరు విన్నారు. కొందరు తలుపేసుకున్నారు. వేసుకున్న ఇళ్లకు మర్నాడు మళ్లీ వెళ్లేది.

ఏడాది తిరిగాక నీలవేణి నుంచి కబురొచ్చింది: పాతపట్నం వైపు పల్లెల్లో లెక్క మొదలుపెడుతున్నాం, రాగలవా? దేముడమ్మ రెండు చీరలు మూట కట్టుకుని బస్సెక్కింది. అటు చాలామందికి ఒడియా తప్ప రాదని విన్నది. పక్క సీటులో ఒడియా యాసతో తెలుగు మాట్లాడే నడివయసు మనిషి కూర్చుంటే, ఆమె చెవి దగ్గరకు వంగి అడిగింది: "అక్కా, కూకుని లేస్తే కింద దిగినట్టుంటాదా అని మీ బాసలో ఎలాగడగాల?"

ఆమె తల తిప్పి దేముడమ్మను ఎగాదిగా చూసింది. తర్వాత ఒళ్లోని సంచీ కింద పెట్టి, దగ్గరగా జరిగి కూర్చుంది.