గొట్టంలో ఇరుక్కున్న గుండు

మా మామగారికి రెండు విషయాలు బాగా తెలుసు. ఒకటి తుపాకి, రెండోది మిగతావన్నీ.

వత్సవాయి దగ్గర మా చేలో వేరుశనగ కాయ ఊరేసరికి అడవిపందులు దిగేవి. వాటికోసం ఆయన లైసెన్సు తుపాకి ఉంచుకున్నారు. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డపేలిక చుట్టిన సీసం గుండు దింపి, ఇనపగజంతో అడుగుదాకా కూరాలి. గుండ్లు ఇంట్లోనే సీసం కరిగించి పోసేవాళ్లం. అచ్చు పట్టుకునేది ఆయన, పొయ్యి ఊదేది నేను. ఊదడానికి చదువు అక్కర్లేదుగా.

ఆ ఏడు పాత అచ్చు పిడి విరిగితే జగ్గయ్యపేట నుంచి కొత్తది తెచ్చారు. చల్లారిన గుండ్లు గిన్నెలోకి ఎత్తుతుంటే నా వేళ్లకి తేడా తెలిసింది.

"కొత్తవి కాస్త లావుగా ఉన్నాయి, మావయ్యగారూ."

"ఎంత లావేంటి?"

"వెంట్రుకవాసి."

"వెంట్రుకవాసి ఎక్కువైందని పంది మన మీద కేసు పెడుతుందా, అమ్మాయ్?" అని నవ్వారు. మా ఆయనా నవ్వాడు. తండ్రి నవ్వినప్పుడు నవ్వడం ఆయనకున్న పెద్ద ఉద్యోగం.

గాజులమ్మే ఆవిడ వచ్చి తొడిగినప్పుడల్లా ఆ వెంట్రుకవాసికే నా మణికట్టు నెత్తురు చిమ్మేది. కొలత తప్పితే చెయ్యన్నా నలగాలి, గాజన్నా పగలాలి. తుపాకి మగవాళ్లది కాబట్టి దానికి వేరే న్యాయం ఉందేమో అనుకున్నా.

పొద్దు వాలేవేళ అరుగు మీద తుపాకి నింపారు. గుండు సగందాకా దిగి ఆగింది. మామగారు బలమంతా పెట్టి తోస్తే గజం వంగింది గాని గుండు కదల్లేదు. వెనక్కీ రాలేదు. అడుగున మందు, పైన గుండు, నడుమ జానెడు ఖాళీ.

"పేలిస్తే అదే పోద్ది," అన్నారు.

పేల్చాల్సింది మా ఆయన. దవడ ఆనించాల్సిందీ ఆయనే.

"గొట్టం పగిలితేనో?" అన్నా.

"నీకెవరు చెప్పారు?"

గాజులు చెప్పాయని అనలేదు. తండ్రీకొడుకులు అన్నానికి కూర్చోగానే, మందు అంటించే రాగి టోపీల డబ్బీ తీసి చింతపండు కుండ అడుక్కి నొక్కేశా. అవి లేకపోతే తుపాకీ ఒకటే, రోకలీ ఒకటే. ఇల్లంతా వెతికారు. నేను దాచడం చూసిన అత్తగారు, "ఎలకలు ఎత్తుకుపోయుంటాయి" అన్నారు. రాగి తినే ఎలకలు మా ఇంట్లోనే ఉండేవి. పందులు మాత్రం ఆ రాత్రి నాలుగు సాళ్లు సుఖంగా తిని వెళ్లాయి.

మర్నాడు నందిగామలో తుపాకులు బాగుచేసే కమ్మరి వెనక మర ఊడదీసి, మందు తీసేసి, గుండు బయటికి తోశాడు. "ఇది పేల్చుంటే గొట్టం చీలి మీ అబ్బాయి మొహం మీదికొచ్చేదండి. ఆ టోపీలు దేవుడే దాచాడు," అన్నాడట. మామగారు ఆ మాట ఊరంతా చెప్పారు, దేవుడు తనకెంత దగ్గరివాడో తెలియాలని.

యాభై దాటాక నాకు అక్షరాలు వచ్చాయి. ఒకరోజు అటక దులుపుతుంటే ఆ రెండచ్చులూ దొరికాయి. పిడి మొదట్లో చెక్కిన అంకెలు కూడబలుక్కుని చదివా. పాతదాని మీద ఒక అంకె, కొత్తదాని మీద దానికంటే పెద్ద అంకె. కోర్టు కాయితాలు తలకిందులుగా పట్టుకున్నా చదవగల మనిషి మామగారు. అచ్చు తిప్పి చూడ్డానికి తీరిక చిక్కలేదు, పాపం.

మా ఆయనకి చూపించా. ఈసారి నవ్వలేదు. దవడ తడుముకున్నాడు.